టర్బో రెండు సెకన్లకే పడిపోతోంది: తప్పు టార్చిదా, సెల్‌దా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఈమధ్య ఒక ఎల్‌ఈడీ టార్చి కొన్నాను. వెలుతురు 3000 ల్యూమెన్స్ అని రాసుంది, ఒక్క 18650 సెల్‌తో నడుస్తుంది. సెల్ దాంతోపాటు రాలేదు, విడిగా తీసుకున్నాను. దాని మీద 9900 ఎంఏహెచ్ అని ఉంది, చిన్న ఛార్జర్ కూడా కలిపి ఇచ్చారు. టర్బో, అంటే అన్నిటికన్నా ఎక్కువ వెలుతురు, నొక్కితే రెండు సెకన్లు బ్రహ్మాండంగా వెలిగి టక్కున తగ్గిపోతోంది. మీడియంలో పెట్టినా గంట రావట్లేదు. ఇంకా ఎక్కువ ఎంఏహెచ్ ఉన్నది కొనాలా? లేక టార్చిలోనే లోపమా?

జవాబు:
టార్చిని అప్పుడే తిట్టకండి. 18650 అంటే 18 మి.మీ. లావు, 65 మి.మీ. పొడవు, చివరి సున్నా గుండ్రటి సెల్ అని చెప్పడానికి. అంత చోటులో మామూలుగా దొరికే మంచి సెల్స్‌కి 3500 ఎంఏహెచ్ దాకా వస్తుంది. 9900 అన్నది స్టిక్కర్ అచ్చు వేసినవాడి దయ. ఇంట్లో డిజిటల్ కాటా ఉంటే ఒకసారి తూచండి. సరైన సెల్ 45 నుంచి 50 గ్రాములు తూగుతుంది.

అసలు మీకు కావలసింది ఎంఏహెచ్ కాదు, ఆంప్స్. ఎంఏహెచ్ ట్యాంకులో నీళ్ళయితే, ఆంప్స్ కుళాయి ధార. వాట్‌కి 100 ల్యూమెన్స్ లెక్కన 3000 ల్యూమెన్స్‌కి 30 వాట్లు కావాలి. 3.6 వోల్ట్ సెల్ నుంచి అంత లాగాలంటే 8 ఆంప్స్ దాటుతుంది, డ్రైవర్‌లో (ఎల్‌ఈడీకి కరెంటు సరిచేసి ఇచ్చే సర్క్యూట్) పోయేది కలిపితే 10 అనుకోండి. నాసిరకం సెల్ లోపలి రెసిస్టెన్స్ 0.1 ఓమ్ ఉన్నా చాలు, 10 ఆంప్స్ దగ్గర 1 వోల్ట్ అక్కడే మాయం. ఛార్జింగ్ అయిపోయిందేమో అనుకుని టార్చి తనంతట తనే వెలుతురు తగ్గించేస్తుంది. వేడి వల్ల అయితే ఇంత తొందరగా పడిపోదు. కాసేపు వెలిగి, చేతిలో బాగా వేడెక్కాక తగ్గుతుంది.

ఇంకొకరు:
పై మాటే నాదీ. సామ్‌సంగ్ 30క్యూ లాంటివి 3000 ఎంఏహెచ్, 15 ఆంప్స్ ఇస్తాయి. ఎల్‌జీ హెచ్‌జీ2 కూడా 3000 ఎంఏహెచ్, 20 ఆంప్స్. పానసోనిక్ ఎన్‌సీఆర్18650బి 3400 ఎంఏహెచ్ కానీ 5 ఆంప్స్ చుట్టుపక్కలే. అంటే మీ టార్చిలో 3400 కన్నా 3000 నయం. వీటికీ నకిలీలున్నాయి, కాబట్టి కాటా పక్కన పెట్టకండి.

కొనేముందు టార్చి పుస్తకంలో ఒకటి చూసుకోండి. ప్రొటెక్టెడ్ సెల్‌కి మైనస్ వైపు దాన్ని కాపాడే చిన్న సర్క్యూట్ ఉంటుంది, దాంతో పొడవు 68-70 మి.మీ. అవుతుంది. కొన్ని టార్చిల్లో పట్టదు. పట్టినా, టర్బోలో ఆ సర్క్యూటే కరెంటు కట్ చేసేయొచ్చు. టార్చికే తక్కువ వోల్టేజీ దగ్గర ఆగిపోయే ఏర్పాటు ఉంటే ప్రొటెక్షన్ లేనిది వాడొచ్చు. ప్లస్ వైపు బొడిపె ఉండాలా, చదునుగా ఉన్నా ఆనుతుందా అన్నదీ చూడండి. నేను చూసుకోకుండా చదునుది తెచ్చి, టార్చి పాడైందని రెండు రోజులు టెన్షన్ పడ్డాను.

ప్రశ్న అడిగినవారు:
తూచాను. 31 గ్రాములు! మల్టీమీటర్ ఉందని ఛార్జర్ నుంచి తీయగానే వోల్టేజీ కూడా చూశాను. పచ్చ లైటు వెలిగాక ఇంకో గంట అందులోనే ఉంచాను, 4.27 చూపిస్తోంది. పరవాలేదా?

మొదట జవాబిచ్చినవారు:
పరవాలేదు కాదండీ, ఆ ఛార్జర్ ఇంక వాడొద్దు. మామూలు లిథియం అయాన్ సెల్‌కి హద్దు 4.2 వోల్ట్, అటూఇటూ 0.05. పచ్చ లైటు వెలిగాక కూడా మీది ఎక్కిస్తూనే ఉంది. మంచి ఛార్జర్ ముందు ఒకే కరెంటు ఇస్తూ 4.2కి తెస్తుంది, తర్వాత వోల్టేజీని అక్కడే పట్టుకుని కరెంటు తగ్గించుకుంటూ వచ్చి పూర్తిగా ఆపేస్తుంది.

వోల్టేజీ చూపించే తెర, ఒక్కో గడికీ విడి ఛార్జింగ్, కరెంటు ఎంచుకునే వీలు ఉన్నది తీసుకోండి. 3000 ఎంఏహెచ్ సెల్‌కి 1 ఆంప్ పెడితే నాలుగు గంటల్లోపే నిండుతుంది. తొందరపడి 2 పెట్టి సెల్‌ని వేడెక్కించడం నాకైతే ఇష్టం ఉండదు. నికెల్ సెల్స్ ఛార్జర్‌లో మాత్రం లిథియం పెట్టొద్దు. మంచం మీద, దిండు పక్కన ఛార్జింగ్ అసలొద్దు.

మరొకరు:
మధ్యలో వస్తున్నాను, ఏమనుకోకండి. నా టార్చికి టైప్ సి పోర్టు ఉంది. ఫోన్ ఛార్జర్‌కి రెండు వైపులా టైప్ సి ఉన్న కేబుల్‌తో పెడితే ఛార్జింగ్ ఎక్కట్లేదు.

ఇంకొకరు:
అన్నా, పోర్టు పాడవలేదు. కొన్ని టార్చిల్లో ఆ పోర్టు దగ్గర ఉండాల్సిన రెండు చిన్న రెసిస్టర్లు పెట్టరు. అవతల పరికరం ఉందన్న సంగతే ఛార్జర్‌కి తెలియదు, కరెంటు పంపదు. పాత వెడల్పాటి యూఎస్‌బీ నుంచి టైప్ సికి వచ్చే కేబుల్ పెట్టి చూడు, ఎక్కుతుంది.

ప్రశ్న అడిగినవారు:
కొత్త సెల్ వచ్చింది, 15 ఆంప్స్‌ది. 47 గ్రాములు. ఛార్జర్ 4.19 దగ్గర ఆగింది. టర్బో దాదాపు నిమిషం నిలిచింది, తగ్గేసరికి టార్చి తల పట్టుకోలేనంత వేడి. ఆ 9900ది ఏం చేయమంటారు? పడేయనా?

మొదట జవాబిచ్చినవారు:
చెత్తబుట్టలో వేయకండి. రెండు కొసలకీ టేపు అంటించి, ఈ-వేస్ట్ తీసుకునేచోట ఇవ్వండి. కొత్త సెల్‌ని కూడా తాళంచెవులున్న జేబులో విడిగా వేసుకోవద్దు, ప్లాస్టిక్ డబ్బీలో పెట్టుకోండి. ప్లస్ చుట్టూ ఉన్న అంచు నుంచి ఒళ్ళంతా మైనసే, మధ్యలో అడ్డం ఆ పల్చటి రేపరే. అది చిరిగితే కొత్త రేపర్ వేసేదాకా వాడకండి.