సబ్‌వూఫర్ క్రాసోవర్ 80 దగ్గరే ఉంది, అయినా గొంతులు పలచగా వస్తున్నాయి

స్టీరియోపిచ్చి:
మధ్యాహ్నం నుంచి దీంతోనే కుస్తీ పడుతున్నాను, తల వాచిపోయింది. సబ్‌వూఫర్ (కింది బాస్ మాత్రమే వాయించే స్పీకర్) మీద క్రాసోవర్ నాబ్, అంటే సబ్ ఏ ఫ్రీక్వెన్సీ దాకా వాయించాలో చెప్పేది, 80 హెర్ట్జ్ దగ్గర పెట్టాను. మెయిన్ స్పీకర్లకి కూడా కింది బాస్ వెళ్లకుండా సరిగ్గా 80కే ఫిల్టర్ వేశాను. అయినా మగ గొంతులు రేకు డబ్బాలోంచి వస్తున్నట్టున్నాయి. నాబ్ 120కి పెంచితే పాట పాడేవాడు సబ్ ఉన్న మూలలో కూర్చున్నట్టు వినిపిస్తోంది. తగ్గిస్తే మళ్లీ బోలు. ఫేజ్ స్విచ్ (సబ్ తరంగాన్ని తిరగేసేది), సబ్ వాల్యూమ్, అన్నీ తిప్పి చూశాను. దయచేసి ఎవరైనా దారి చూపించండి.

గదిలెక్క:
గది కొలతలు చెప్పకుండా క్రాసోవర్ గురించి అడిగితే ఎలా అండీ? బాస్‌లో సగం గదే వాయిస్తుంది. గది పొడవు 4.3 మీటర్లనుకోండి, 40 హెర్ట్జ్ దగ్గర ఒకటి, 80 దగ్గర ఇంకోటి రెజొనెన్స్ (గది తనంతట తానే మోగే స్వరం) ఉంటాయి. మీరు కూర్చున్న చోటుని బట్టి అవి ఉబ్బిపోవచ్చు, మాయమైపోవచ్చు. ముందు సబ్‌ని తీసుకెళ్లి మీరు కూర్చునే చోట పెట్టండి. బాస్ ఎక్కువున్న పాట వేసి గోడల వెంబడి చెవి కిందికి పెట్టి తిరగండి. ఎక్కడ అన్ని స్వరాలూ సమంగా వినిపిస్తే సబ్ అక్కడ ఉండాలి. ఇది చెయ్యకుండా నాబులు తిప్పడం శుద్ధ దండగ.

ఒక్కముక్క:
ఫిల్టర్ ఏంటి? ఆంప్ ఏంటి?

స్టీరియోపిచ్చి:
@గదిలెక్క ఇదే గదిలో, ఇదే చోట పాత ఆంప్‌తో బాగానే ఉండేదండీ.
@ఒక్కముక్క ప్రీఆంప్ నుంచి పవర్ ఆంప్‌కి (స్పీకర్లని నడిపేదానికి) వెళ్లే కేబుల్లో ఒక్కో చానెల్‌కి 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్, సిరీస్‌లో. కొత్త ఆంప్ మాన్యువల్లో ఇన్‌పుట్ ఇంపెడెన్స్ (వచ్చే సిగ్నల్‌కి ఆంప్ చూపే అడ్డు) 20 కిలోఓమ్‌లు అని ఉంది. 1ని 2పై, 20,000, 0.1 మైక్రో, ఈ మూడింటి లబ్ధంతో భాగిస్తే 79.6 వస్తుంది. ఇందులో తప్పేముంది?

ఎనిమిది_ఓమ్‌లు:
బ్రదర్, 0.1 ఏ మూలకి సరిపోతుంది? మీ స్పీకర్లు 8 ఓమ్‌లైతే 80 హెర్ట్జ్‌కి దాదాపు 250 మైక్రోఫారడ్‌లు కావాలి. ఇంపెడెన్స్ అంటే స్పీకర్ వెనకాల రాసి ఉండేది చూడాలి.

సోల్డర్‌వాసన:
అది ఆంప్ దాటాక స్పీకర్ తీగలో పెట్టే కెపాసిటర్ లెక్క. ఆయన పెట్టింది ఆంప్‌కి ముందు. అక్కడ కెపాసిటర్‌కి లోడ్ ఆంప్ ఇన్‌పుట్టే, స్పీకర్ ఓమ్‌లతో పనే లేదు.

ఎనిమిది_ఓమ్‌లు:
అయితే దాన్ని క్రాసోవర్ అనకూడదు, హైపాస్ ఫిల్టర్ (పై స్వరాలనే పోనిచ్చేది) అనాలి. క్రాసోవర్ అంటే స్పీకర్ పెట్టె లోపల ఉండేది.

సోల్డర్‌వాసన:
పెట్టె లోపల ఉండేది కూడా హైపాస్, లోపాస్ (కింది స్వరాలనే పోనిచ్చేది) కలిస్తేనే క్రాసోవర్. ఇక్కడ లోపాస్ సబ్‌లో ఉంది, హైపాస్ కేబుల్లో ఉంది. రెండూ కలిస్తే క్రాసోవర్ కాక మరేమిటి?

ఒక్కముక్క:
ఆంప్ ఇన్‌పుట్ బ్యాలెన్స్‌డా, అన్‌బ్యాలెన్స్‌డా?

స్టీరియోపిచ్చి:
ఆంప్‌కి ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్నుల బ్యాలెన్స్‌డ్) ఇన్‌పుట్లు. నా ప్రీఆంప్‌కి ఆర్‌సీఏ (అన్‌బ్యాలెన్స్‌డ్) మాత్రమే ఉంది కాబట్టి కేబుల్లో 1 (గ్రౌండ్), 3 పిన్నులు కలిపేశాను. దానికీ దీనికీ ఏం సంబంధం?

ఒక్కముక్క:
అదే సంబంధం. 20 కాదు, 10. మీ ఫిల్టర్ 160 దగ్గర కోస్తోంది.

సోల్డర్‌వాసన:
ఒక్కముక్క గారు చెప్పింది కొంచెం విడమరుస్తాను. బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్‌లో సిగ్నల్‌కి రెండు కాళ్లు, 2వ పిన్, 3వ పిన్. చాలా ఆంపుల్లో ఒక్కో కాలు నుంచి గ్రౌండ్‌కి 10 కిలోఓమ్‌లు ఉంటాయి. రెండూ కలిపి 20 అని మాన్యువల్లో రాస్తారు. మీరు 3వ పిన్‌ని గ్రౌండ్‌కి కలిపేశారు కాబట్టి ఆ కాలి రెసిస్టెన్స్ లెక్కలోంచి పోయింది. మీ కెపాసిటర్‌కి ఎదురుగా మిగిలింది 10 కిలోఓమ్‌లే. మాన్యువల్ మళ్లీ చూడండి, "20 బ్యాలెన్స్‌డ్, 10 అన్‌బ్యాలెన్స్‌డ్" అని పక్కపక్కనే ఉండొచ్చు.

10 కిలోఓమ్‌లకి 0.1 అంటే 159 హెర్ట్జ్. 80 దగ్గర 3 డెసిబెల్స్ తగ్గాల్సిన మెయిన్ స్పీకర్లు 7 తగ్గుతున్నాయి. సబ్ 80 దగ్గరే దిగిపోతోంది. మధ్యలో గండి పడింది. మగ గొంతు అడుగు స్వరం సుమారు 85 నుంచి 180 హెర్ట్జ్ మధ్యే ఉంటుంది, అంటే సరిగ్గా ఆ గండిలోనే.

నమ్మకం కుదరకపోతే కొలవండి. కెపాసిటర్ తీసేసి ఆ స్థానంలో 10 కిలోఓమ్ రెసిస్టర్ పెట్టండి, స్పీకర్ తీగలు విప్పేయండి, 200 హెర్ట్జ్ టోన్ వెయ్యండి. రెసిస్టర్‌కి ముందూ వెనకా మల్టీమీటర్‌తో ఏసీ వోల్టేజ్ చూడండి. వెనక సగం ఉంటే ఇంపెడెన్స్ 10 అన్నమాట. ఓమ్స్ రేంజ్‌లో నేరుగా ఇన్‌పుట్‌కి పెట్టి కొలవద్దు, లోపల కప్లింగ్ కెపాసిటర్ (డీసీని ఆపేది) ఉంటే అడ్డదిడ్డంగా చూపిస్తుంది.

వై కేబుల్ (ప్రీఆంప్ సిగ్నల్‌ని ఆంప్‌కీ సబ్‌కీ చీల్చేది) వాడుతుంటే కెపాసిటర్ చీలిక తర్వాత, ఆంప్ వైపు కొమ్మలోనే ఉండాలి. ముందు పెడితే సబ్‌కి కూడా బాస్ పోతుంది.

పాలీప్రొపిలీన్:
అసలు ఏ రకం కెపాసిటర్ అన్నది ఎవరూ అడగరేం? మామూలు సిరామిక్ అయితే దాని మీద పడే వోల్టేజ్‌ని బట్టి విలువే మారుతుంది, వక్రీకరణ కూడా వస్తుంది. ఆడియో దారిలో ఫిల్మ్ తప్ప ఇంకేదీ పెట్టకూడదు. 5 శాతం టాలరెన్స్ ఉన్నవి కొని, మీటర్‌తో జత కలిపి ఎంచుకోండి. కుడి చానెల్లో ఒకటి, ఎడమలో ఒకటి తేడాగా ఉంటే స్టీరియో పక్కకి జరుగుతుంది.

ఒక్కముక్క:
ఉన్న 0.1 పక్కనే ఇంకో 0.1 పారలల్‌లో. అయిపోయింది.

గదిలెక్క:
గండి పూడినా గది రెజొనెన్స్ ఎక్కడికీ పోదు. పైగా ఒక్క కెపాసిటర్ వాలు ఆక్టేవ్‌కి (ఫ్రీక్వెన్సీ రెట్టింపు లేదా సగమైన ప్రతిసారీ) 6 డెసిబెల్స్, సబ్ వాలు చాలావరకు 12 లేదా 24. ఈ రెండూ 80 దగ్గర ఒకే ఫేజ్‌లో కలవవు. సబ్ చోటు మార్చి చూడమని మళ్లీ చెబుతున్నాను.

సోల్డర్‌వాసన:
ఆ మాట నిజమే. కెపాసిటర్ మార్చాక 80 హెర్ట్జ్ టోన్ వేసి, కూర్చునే చోటు నుంచి వింటూ ఫేజ్ స్విచ్ రెండు వైపులా వెయ్యండి. ఎటు గట్టిగా వినిపిస్తే అటు వదిలేయండి. ఇందాక మీరు తిప్పి చూసినప్పుడు గండి ఉంది కాబట్టి ఆ ఫలితం ఇప్పుడు చెల్లదు.

స్టీరియోపిచ్చి:
వోల్టేజ్ సరిగ్గా సగమే వచ్చింది. ఇంకో 0.1 ఫిల్మ్ కెపాసిటర్ అతికించాను, గొంతు నిండుగా ఉంది. ఫేజ్ 180 దగ్గర బాగుంది. థాంక్స్ అందరికీ.

కొత్తగా_చేరా:
నా ఆంప్ ఇన్‌పుట్ 47 కిలోఓమ్‌లు, ఆర్‌సీఏ. నేనూ 0.1 పెట్టొచ్చా?

ఒక్కముక్క:
వద్దు, 34కి పడిపోతుంది. 0.047 పెట్టండి, 72 వస్తుంది.

కొత్తగా_చేరా:
ఆంప్ ముందు వైపు వాల్యూమ్ నాబ్ కూడా ఉంది. అది తిప్పితే ఈ 47 మారుతుందా?

సోల్డర్‌వాసన:
ఇన్‌పుట్ సాకెట్ నుంచి నేరుగా నాబ్‌కే వెళ్తూ, దాని వెనక బఫర్ (నాబ్ మీద భారం పడకుండా చూసే సర్క్యూట్) లేకపోతే మారుతుంది. సర్క్యూట్ బొమ్మ ఉంటే పెట్టండి, చూద్దాం.