డ్యూయీ నంబరు చూస్తే అది ఏ రకం నవలో తెలియట్లేదు, ఏం చేయాలి?

ప్రొద్దుటూరులో 600 పుస్తకాల చిన్న లైబ్రరీ. పుస్తకాలను విషయాన్ని బట్టి అంకెలతో విడదీసే డ్యూయీ పద్ధతిలో తెలుగు సాహిత్యమంతా 894.827 కిందికే వస్తుంది. డిటెక్టివ్, చారిత్రక, హాస్య నవలలు ఒకే బీరువాలో కలిసిపోతాయి. దాంతో చదివేవాళ్లు తెలిసిన రచయిత పేరే వెతుక్కుంటారు, కొత్త పుస్తకం జోలికి పోరు. నవల రకానికో రంగు చొప్పున పుస్తకం వెన్ను మీద చుక్కలు అతికిద్దామంటే మన ఎండలకు జిగురు ఊడొస్తుంది. పైన సెల్లోటేపు వేస్తే అదీ పసుపెక్కి అట్టను పాడుచేస్తుంది. ఐదు రంగులు దాటితే ఎవరికి గుర్తుంటాయి లెండి!

పిల్లల పుస్తకాలను వయసుతో కాకుండా పేజీకి ఎన్ని లైన్లో చూసి విడదీస్తే మేలు: 3 వరకు, 4–8, ఆపైన. ఎవరైనా ఇలా చేశారా? రెండు రకాలకూ చెందే నవలకు ఏ రంగు వేస్తారు? అట్ట కనబడేలా నిలబెట్టే కొత్త పుస్తకాలను ఎన్నాళ్లకు మారుస్తారు? జిగురు సంగతి తెలిసినవాళ్లు ముందు చెప్పండి.