డిక్రీ అయ్యాక నోటు వెనక రాయించుకున్న చెల్లు పనికొస్తుందా?

ప్రశ్న (బంగారుపాళ్యం): మా నాయన 2019లో తోటలో బోరు వేయించడానికి 2 లక్షలు రెండు రూపాయల వడ్డీకి ప్రోనోటు రాసి తీసుకున్నాడు. అప్పిచ్చినాయన 2021లో కేసు వేసి, పోయిన ఏడాది చిత్తూరు కోర్టులో డిక్రీ (బాకీ కట్టాలన్న కోర్టు తీర్పు) తెచ్చుకున్నాడు. మొన్న తోతాపురి కాయ అమ్మిన డబ్బులో 80,000 నాయన నేరుగా ఆయన చేతికే ఇస్తే, నోటు జిరాక్స్ వెనక ‘80,000 ముట్టినవి’ అని తేదీ వేసి సంతకం పెట్టిచ్చాడు. నిన్న ఈపీ (డిక్రీ అమలు చేయమని ఆయన వేసిన పిటిషన్) నోటీసు వచ్చింది, అందులో ఆ 80,000 ఊసే లేదు, పైగా ఇల్లు జప్తు చేయమని అడిగాడు. రాత్రంతా నాయన నిద్రపోలేదు. డబ్బిచ్చి ఇవాళ్టికి 19 రోజులు. ఏం చేయాలన్నా?

జవాబు (తిరుపతి, సివిల్ కేసులు చూస్తాను): తమ్ముడూ, డిక్రీ అయిన రోజే ఆ నోటు పని అయిపోయింది, ఇక బాకీ అంటే డిక్రీలో ఉన్నదే. కేసుకు ముందు, కేసు వేయడానికున్న మూడేళ్ల గడువు దాటకుండా నోటు మీద చెల్లు (కొంత కట్టానన్న రాత) రాసి మీ నాయన సంతకం చేసి ఉంటే గడువు మళ్లీ మొదటి నుంచి లెక్కకొచ్చేది, ఇప్పుడు ఆ మాట లేదు. మీకు కావాల్సింది సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 21 రూల్ 2. కోర్టు బయట కట్టింది కోర్టులో నమోదు కాకపోతే ఈపీలో దాన్ని లెక్కలోకి తీసుకోరు. ముట్టిందని ఆయనే కోర్టుకు చెప్పాలి, చెప్పకపోతే మీరు 30 రోజుల్లోపు పిటిషన్ వేయాలి. అంటే మీకు 11 రోజులే ఉన్నాయి! నోటి మాట చెల్లదు, రాత ఆధారం కావాలి, కాబట్టి ఆ జిరాక్స్ కాగితం ప్రాణంలా చూసుకోండి.

జవాబు (పుత్తూరు): మా చిన్నాన్న ఇలాగే పెద్దమనుషుల ముందు 50,000 ఇచ్చాడు, కాగితం లేదు, మళ్లీ కట్టాల్సి వచ్చింది. ఇంకోటి, డిక్రీ నకలు తీసి వడ్డీ చూడండి బ్రదర్. వ్యాపార అప్పు కాకపోతే డిక్రీ తర్వాత అసలు మీద ఏడాదికి 6 శాతానికి మించి వేయకూడదు.

ప్రశ్న అడిగినవారు: ఇప్పుడే చూశా, డిక్రీలో 6 శాతమే ఉంది, ఈపీలో మాత్రం 24 లెక్కన వేశాడు! ఇల్లు పోతుందా అన్నా? మాకు సేద్యం తప్ప ఇంకో ఆధారం లేదు.

జవాబు (తిరుపతి): సేద్యం మీదే బతుకుతూ, ఆ ఇంట్లోనే కాపురముంటే అదే కోడ్ సెక్షన్ 60 కింద ఇల్లు జప్తు చేయకూడదు, కౌంటర్‌లో (ఈపీకి మీరు కోర్టులో వేసే జవాబులో) అది తప్పకుండా రాయించండి. తోటకు మాత్రం ఆ రక్షణ లేదు. మిగతా బాకీ చేతికివ్వొద్దు, కోర్టులో డిపాజిట్ చేసి ఆయనకు నోటీసు ఇవ్వండి, లేదంటే బ్యాంకు ద్వారా పంపండి.

ప్రశ్న అడిగినవారు: సరే అన్నా. సోమవారం పొద్దున్నే నాయనను, కాగితాన్ని తీసుకుని చిత్తూరు పోతున్నా.