సియాటిల్ ఈస్ట్‌సైడ్‌లో ట్రెయిల్ రన్నింగ్: కూగర్లు, ఎలుగులు, మిగతావీ

ప్రశ్న, సమామిష్ (సియాటిల్‌కి తూర్పున ఉన్న ఊరు) నుంచి:

అందరికీ నమస్కారం. పోయిన నెలే హైదరాబాద్ నుంచి వచ్చాం. అక్కడ కేబీఆర్ పార్కు చుట్టూ రోజూ తెల్లవారుజామున పరుగెత్తేవాణ్ణి. ఇక్కడ ఇంటికి దగ్గర్లోనే సోరింగ్ ఈగిల్ పార్కు ఉంది, దారులు బాగున్నాయి. కానీ ఎలుగుబంట్లు, కూగర్లు (చిరుతంత పెద్ద అడవి పిల్లులు) తిరుగుతాయని పక్కింటివాళ్లు చెప్పారు. ఒంటరిగా వెళ్లొచ్చా? వీధికుక్క వెంటపడితే వంగి రాయి తీసినట్టు చేస్తే చాలు, అంతవరకే తెలుసు. ఏం కొనుక్కోవాలో, ఏం నేర్చుకోవాలో చెప్పగలరు.

జవాబు, ఇసాక్వా నుంచి:

స్వాగతమండీ. వెళ్లొచ్చు. ఈ వాషింగ్టన్ రాష్ట్రంలో గత వందేళ్లకు పైగా చూసినా కూగర్ దాడిలో పోయిన ప్రాణాలు రెండే. ఒకటి 1924లో, రెండోది 2018 మేలో నార్త్ బెండ్ పైనున్న అడవిలో. భయపడి ట్రెడ్‌మిల్‌కి అతుక్కుపోనక్కర్లేదు. కాకపోతే మీరు చెప్పిన ఆ వంగి రాయి తీసే అలవాటుని మాత్రం ముందు వదిలించుకోండి.

కుక్క ముందు వంగితే అది వెనక్కి తగ్గుతుంది, రాయి దెబ్బ దానికి తెలుసు కాబట్టి. కూగర్‌కి ఆ అనుభవం లేదు. నిలబడ్డ మనిషి దానికి అర్థంకాని ఆకారం. వంగిన మనిషి మాత్రం ఎత్తు తగ్గి, మెడ, వీపు అప్పగించి, అది రోజూ వేటాడే జింకలాగే కనిపిస్తాడు. షూ లేసు కట్టుకోవాలన్నా చుట్టూ చూసుకుని, చెట్టుకో బండకో వీపు ఆనించి కట్టుకోండి. రాయి బదులు చేతిలో ఎప్పుడూ నీళ్ల సీసా ఉంచుకోండి. విసరాల్సివస్తే వంగకుండా విసరొచ్చు.

రెండో అలవాటు, పరుగు. పారిపోయేదాన్ని తరమడం పిల్లి జాతి నైజం. కూగర్ కనిపించగానే ఆగండి. దాని వైపు తిరగండి. చేతులు పైకెత్తండి, జాకెట్ ఉంటే రెండు అంచులూ పట్టి వెడల్పుగా తెరవండి. గొంతు లావు చేసి గట్టిగా అరవండి, కీచుగొంతు వద్దు. చూపు తిప్పకుండా ఒక్కో అడుగు వెనక్కి వేయండి, మడమతో నేల తడుముకుంటూ. వెనకడుగులో పడిపోవడమే ఇక్కడ పెద్ద ముప్పు, అందుకే తొందర వద్దు. మీద పడితే చేతికందినదానితో కొట్టండి, ముఖం మీద, కళ్ల మీద. కింద పడినా లేవడానికే చూడండి, మెడకి చేతులు అడ్డం పెట్టండి.

ఇది ఎంతసేపు పట్టొచ్చో తెలియాలంటే 2020 అక్టోబర్‌లో యూటాలోని ప్రోవో దగ్గర ఒక రన్నర్ ఫోన్‌లో తీసిన వీడియో చూడండి. పిల్లలున్న తల్లి కూగర్ దాదాపు 6 నిమిషాలు అతని వెంట వచ్చింది, మధ్యమధ్య ముందుకి దూకుతూ. అతను వీపు చూపించలేదు, అరుస్తూ వెనక్కి నడుస్తూనే ఉన్నాడు. చివరికి అది కాస్త ఆగినప్పుడు రాయి అందుకుని విసిరితే పారిపోయింది. 6 నిమిషాలు వెనక్కి నడవడం చాలా ఎక్కువసేపు. మనసులో ముందే అనుకుని ఉంటే తప్ప మధ్యలో వెనక్కి తిరిగి పరుగు లంకించుకుంటాం.

ఇక ఇయర్‌ఫోన్లు. 2019 ఫిబ్రవరిలో కొలరాడోలోని హార్స్‌టూత్ కొండమీద పరుగెత్తుతున్నతను వెనక అలికిడి విని తిరిగాడు. అందుకే కూగర్ మెడ కాకుండా చెయ్యి పట్టుకుంది, అతను పోరాడి బయటపడ్డాడు. ట్రెయిల్ మీద రెండు చెవులూ మూసుకోకండి. పాటలు కావాల్సిందే అంటే ఒక చెవికి, తక్కువ సౌండులో.

జవాబు, నార్త్ బెండ్ నుంచి:

పైన చెప్పినదంతా సరైనదే. ఎలుగుల గురించి కొంచెం విడిగా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు రెండు రకాల పొరపాటు చేస్తారు.

శ్రీకాకుళం ఉద్దానం జీడితోటల్లో ఎలుగు దాడుల గురించి విని పెరిగినవాళ్లకి ఎలుగంటే చూసిన వెంటనే మీదపడేది. అది వేరే జాతి. ఇక్కడి నల్ల ఎలుగు చాలావరకు మనిషి అలికిడి వింటే పొదల్లోకి పోతుంది, పిల్లల్ని చెట్టెక్కిస్తుంది. రంగు గోధుమగా ఉన్నా అది నల్ల ఎలుగే, అంతకంటే పెద్దదైన గ్రిజ్లీ అనే ఎలుగు అనుకోవద్దు. ఇసాక్వా చుట్టుపక్కల గ్రిజ్లీలు లేవు. రెండో పొరపాటు, చచ్చినట్టు పడుకోవడం, చెట్టెక్కడం. నల్ల ఎలుగు విషయంలో రెండూ పనికిరావు. అది మనకంటే బాగా చెట్టెక్కుతుంది, పడుకుంటే వదిలేస్తుందన్న నమ్మకమూ లేదు.

అది మిమ్మల్ని చూడకపోతే వచ్చిన దారినే నెమ్మదిగా వెనక్కి పోండి. చూస్తే మామూలు గొంతుతో మాట్లాడుతూ పక్కకి తప్పుకోండి, అది పోవడానికి దారి వదలండి. వెనక కాళ్లమీద నిలబడితే వాసన పడుతోందని అర్థం, దాడి కాదు. చెట్టుమీద పిల్ల కనిపిస్తే ఫోటో కోసం ఒక్క క్షణం కూడా ఆగొద్దు, తల్లి అక్కడే ఉంటుంది. అయినా మీ వైపే వస్తుంటే నిలబడి అరవండి, 30 అడుగుల లోపుకి వస్తే బేర్ స్ప్రే (ఎలుగుల్ని తరిమే కారపు మందు డబ్బా) కొట్టండి. మీద పడితే ముక్కు మీద కొట్టండి.

ఏప్రిల్ నుంచి నవంబర్ దాకా జాగ్రత్త ఎక్కువ కావాలి. ఆగస్టులో బ్లాక్‌బెర్రీలు పండినప్పుడు దారి పక్క పొదల్లోనే దూరి తింటుంటాయి, వాగు హోరులో మీ అడుగుల చప్పుడు వినపడదు. మలుపుల దగ్గర, వాగుల దగ్గర గట్టిగా మాట్లాడుతూ వెళ్లండి. ఏ భాషైనా ఫర్వాలేదు. షాపుల్లో అమ్మే చిన్న గంటలు దండగ, దగ్గరికొచ్చేదాకా వినపడవు.

కుళ్లిన వాసన వచ్చినా, ఆకులూ మట్టీ కప్పిన జంతు కళేబరం కనిపించినా ఆ దారి అక్కడితో మానేయండి. కూగర్ తన వేటని అలా కప్పిపెట్టి మళ్లీ వస్తుంది.

జవాబు, రెడ్మండ్ నుంచి:

కొనాల్సింది ఒకటే, బేర్ స్ప్రే. తాళాల గుత్తికి తగిలించుకునే చిన్న పెప్పర్ స్ప్రే దీనికి సరిపోదు. డబ్బా మీద ఇ.పి.ఎ. (అమెరికా పర్యావరణ సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు, కనీసం 7.9 ఔన్సులు, అంటే 225 గ్రాముల మందు, కనీసం 25 అడుగుల దూరం అని రాసి ఉండాలి. 35 నుంచి 50 డాలర్లు అవుతుంది. కూగర్ మీదా పనిచేస్తుంది. గడువు తేదీ చూసి కొనండి, మూడు నాలుగేళ్ల తర్వాత లోపల ప్రెషర్ తగ్గి దూరం రాదు.

డబ్బా బ్యాగులో పెట్టుకుంటే లేనట్టే. ఛాతీ మీద పట్టీకో నడుము బెల్టుకో తగిలించుకోండి. పరుగులో ఊగుతుంటే చిరాకుతో వారంలోనే ఇంట్లో వదిలేస్తారు, అందుకే డబ్బా పట్టే, బిగుతుగా ఉండే హోల్‌స్టర్ ముఖ్యం. మందు లేని ప్రాక్టీసు డబ్బా ఒకటి విడిగా దొరుకుతుంది. డబ్బా లాగడం, బొటనవేలితో సేఫ్టీ క్లిప్ తీయడం, రెండు చేతులతో పట్టి నొక్కడం, ఇది ఆలోచించకుండా వచ్చేదాకా చేయండి. గురి జంతువు తలకి కాదు, దాని ముందు నేల వైపు కాస్త కిందకి. మందు మేఘంలా లేచి, అది పరుగెత్తుకొచ్చి అందులో దూరాలి. రెండు సెకన్లు కొట్టి ఆపి చూడండి. మొత్తం డబ్బా ఆరేడు సెకన్లలో అయిపోతుంది.

చాలామంది చేసే తప్పులు: ఎండలో కారులో వదిలేయడం, వేడికి పేలిపోతుంది. దోమల మందులా బట్టలకి కొట్టుకోవడం, ఆరాక ఆ వాసనకి ఎలుగులే వస్తాయి. విమానంలో తీసుకెళ్లడం, చెకిన్ లగేజీలో కూడా ఒప్పుకోరు. మీ కళ్లలో పడితే రుద్దకుండా చల్లటి నీళ్లతో కడగండి, కాంటాక్ట్ లెన్సులుంటే తీసి పారేయండి.

ఒక్క విషయంలో పైవాళ్లతో కొంచెం తేడా. తారు దారుల మీద, జనం మధ్య పరుగెత్తేవాళ్లకి ఇది అక్కర్లేదు. రెడ్మండ్ నుంచి ఇసాక్వా దాకా చెరువు పక్కనే పోయే ఈస్ట్ లేక్ సమామిష్ ట్రెయిల్ 11 మైళ్లు. మొదటి రెండు నెలలు అక్కడ పరుగెత్తండి. సోరింగ్ ఈగిల్, కూగర్ మౌంటెన్, టైగర్ మౌంటెన్ పగటివేళ ఇంకొకరితో మొదలుపెట్టండి.

జవాబు, న్యూకాసిల్ నుంచి:

కూగర్ని మీరు బహుశా ఎప్పటికీ చూడరు. గుడ్లగూబ, కందిరీగలు మాత్రం తప్పకుండా తగులుతాయి, వాటి గురించి ఎవరూ రాయలేదు.

బార్డ్ ఔల్ అనే గుడ్లగూబ చప్పుడు లేకుండా వెనక నుంచి వచ్చి తలమీద గోళ్లు దింపుతుంది. గూడు పెట్టే వసంతంలో, మళ్లీ శరదృతువులో ఎక్కువ, చీకటి ఇంకా విడవని వేళ. ఊగే జడ, పోనీటెయిల్ చూసి కూడా వస్తుంది. టోపీ పెట్టుకోండి, జుట్టు లోపలికి దోపుకోండి. ఒకసారి తన్నిన చోట మళ్లీ తంతుంది, ఆ నెలంతా ఆ మలుపు మానేయండి. గాయాన్ని సబ్బుతో బాగా కడిగి, టెటనస్ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో చూసుకోండి.

ఎల్లోజాకెట్ కందిరీగలు నేలలో బొరియల్లో, కుళ్లిన దుంగల్లో గూళ్లు పెడతాయి, ఆగస్టు, సెప్టెంబర్లలో వాటి బెడద ఎక్కువ. ముందు వెళ్లినవాడి అడుగులకి రేగుతాయి, వెనకొచ్చేవాళ్లని కుడతాయి. కూగర్ విషయంలో చెప్పినదానికి ఇక్కడ పూర్తి విరుద్ధం: ఆగొద్దు, చేతులు ఊపొద్దు, ముఖం కప్పుకుని 50 గజాలైనా పరుగెత్తండి. తేనెటీగలా ముల్లు వదలదు, అందుకే ఒకటే పదిసార్లు కుట్టగలదు. ఉంగరాలు వెంటనే తీసేయండి. గొంతు బిగుసుకున్నా, ఊపిరి ఆడకపోయినా, ఒళ్లంతా దద్దుర్లు వచ్చినా 911. ఇదివరకు అలా అయినవాళ్లు డాక్టరు రాసిచ్చిన ఎపినెఫ్రిన్ పెన్ (అలర్జీకి వెంటనే వేసుకునే ఇంజెక్షన్) లేకుండా అడవిలోకి వెళ్లకూడదు.

ఇంకొకటి. ఇక్కడి అడవి జంతువుల్లో రేబిస్ మోసేది గబ్బిలమే. పగలు నేలమీద పడున్న గబ్బిలాన్ని చేత్తో ముట్టొద్దు. పళ్ల గాటు కనిపించకపోయినా ఒంటికి తగిలితే 15 నిమిషాలు సబ్బుతో కడిగి అదేరోజు కౌంటీ ఆరోగ్య శాఖకి ఫోన్ చేయండి.

మళ్లీ సమామిష్ నుంచి:

చాలా థాంక్సండీ అందరికీ. రెండు సందేహాలు. ఆఫీసు వల్ల ఉదయం 6కే కుదురుతుంది, చలికాలంలో ఏం చేయాలి? ఆదివారాలు మా ఎనిమిదేళ్ల బాబు కూడా వస్తానంటున్నాడు. వచ్చే ఏప్రిల్‌లో అమ్మానాన్న కూడా వస్తున్నారు, వాళ్లకి తెల్లారి నడక అలవాటు.

జవాబు, ఇసాక్వా నుంచి:

డిసెంబర్‌లో ఇక్కడ ఉదయం 8 దగ్గరికి గాని తెల్లారదు, సాయంత్రం నాలుగున్నర లోపే పొద్దుగూకుతుంది. ఉదయం 6 అంటే నడిరాత్రి లెక్క. కూగర్ తిరిగే వేళా అదే. సోమవారం నుంచి శుక్రవారం దాకా వీధిదీపాలున్న రోడ్లమీద, కార్లు ఎదురుగా వచ్చే పక్కన, రిఫ్లెక్టర్ వెస్టుతో పరుగెత్తండి. అడవి దారులు శని, ఆదివారాలకి, పొద్దెక్కాక. హెడ్‌ల్యాంప్ 200 ల్యూమెన్స్ పైన ఉండాలి. వెలుగులో రెండు కళ్లు మెరిస్తే జింకో కాదో తేల్చుకునే ప్రయత్నం వద్దు, ఆగి వెలుగు దానిమీదే నిలిపి అరవండి.

బాబు విషయం ముఖ్యం. చిన్న ఆకారం, గెంతుతూ పోయే నడక కూగర్ దృష్టిని లాగుతాయి. పిల్లవాడు ముందు ఉరికినా, వెనకబడినా ఒప్పుకోవద్దు, పెద్దవాళ్లిద్దరి మధ్యే ఉండాలి. తిరుమల అలిపిరి దారిలో 2023లో చిరుత దాడి తర్వాత భక్తుల్ని గుంపులుగా పంపడం, పిల్లల్ని మధ్యాహ్నం తర్వాత ఆపడం మొదలుపెట్టింది అందుకే. ఏదైనా కనిపిస్తే బాబుని ఎత్తుకోవాలి, అదీ నడుం వంచకుండా, కళ్లు దానిమీదే ఉంచి మోకాళ్లు మడిచి. "రా" అనగానే పరుగెత్తకుండా వచ్చి మీ నడుం పట్టుకోవడం ఇంట్లో ఆటలా నేర్పండి.

ఇరుగుపొరుగు వాళ్లు మాట్లాడుకునే నెక్స్ట్‌డోర్ యాప్‌లో కూగర్ అని పెట్టే ఫోటోల్లో చాలా బాబ్‌క్యాట్లే, అంటే కూగర్ కంటే చాలా చిన్న అడవి పిల్లులే. తోక చూడండి. బాబ్‌క్యాట్‌ది మొండితోక, కూగర్ తోక పొడవు, నేలదాకా వేలాడుతుంది.

జవాబు, నార్త్ బెండ్ నుంచి:

అమ్మానాన్నలకి కొయోటీ గురించి చెప్పండి, వాళ్లకి ఎదురయ్యేది అదే. మన నక్కకి దగ్గరి చుట్టం, 20 నుంచి 35 పౌండ్లు. ఏప్రిల్ నుంచి జూలై దాకా పిల్లలుంటాయి, బొరియ దగ్గరికి పోతే కొంతదూరం వెంట నడుస్తుంది. సాగనంపడమే తప్ప వేట కాదు. దాని వైపు తిరిగి, చేతికర్ర నేలకేసి కొడుతూ అరిస్తే చాలు. అప్పటికీ పోకపోతే మెల్లగా వెనక్కి రావాలి, పరుగు వద్దు. ఇంటి అడ్రసు, మీ ఫోన్ నంబరు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసిన కాగితం వాళ్ల జేబులో ఉంచండి.

ఇంటి దగ్గర కూడా ఒక జాగ్రత్త. చికెన్, చేపల వ్యర్థాలు చెత్త తీసుకెళ్లే రోజు దాకా ఫ్రీజర్‌లో ఉంచి, డబ్బా ఆ ఉదయమే బయట పెట్టండి, ముందురోజు రాత్రి కాదు. పెద్దవాళ్లు కాకులకి అన్నం పెడతామంటే కాకులు తినేదాకా అక్కడే నిలబడి, మిగిలింది తీసేయమనండి. పెరట్లో తిండికి అలవాటుపడ్డ ఎలుగు మీరు పరుగెత్తే దారినే రోజూ వస్తుంది. పైగా ఎలుగులకి తిండి అందేలా నిర్లక్ష్యంగా వదిలేయడం ఈ రాష్ట్రంలో చట్టప్రకారం తప్పు, జరిమానా పడొచ్చు.