పారానార్మల్ రొమాన్స్‌లో జంట బలంగా ఉందో లేదో కొనకముందే తెలుసుకోవడం ఎలా?

పారానార్మల్ (మనిషి-తోడేళ్లలాంటి అతీంద్రియ పాత్రలుండే), ఫ్యూచరిస్టిక్ (భవిష్యత్తులో జరిగే) రొమాన్స్ నవలల్లో నాకు ఒకే చోట దెబ్బ తగులుతోంది. తోడేలు మంద కట్టుబాట్లో, అంతరిక్ష నౌకలోని అధికార పోరో చక్కగా కుదురుతాయి. జంట మాత్రం తేలిపోతుంది. మూడో అధ్యాయంలో అతను ఆమె వాసన పసిగట్టి ‘నువ్వు నాదానివి’ అంటాడు. అక్కడితో ప్రేమ పుట్టేసినట్టే! తర్వాత 300 పేజీల్లో ఇద్దరూ శత్రువుల గురించి తప్ప మరో మాట మాట్లాడుకోరు. భవిష్యత్తు కథల్లో ఇదే పని జన్యువుల మ్యాచింగ్ చేస్తుంది. ఆ బంధాన్ని తీసేసి చూస్తే వాళ్లు కలిసుండడానికి కారణమే మిగలదు.

ఫేటెడ్ మేట్స్ (విధే ముందుగా రాసిపెట్టిన జంట) అంటే నాకు పడదని కాదు. బంధాన్ని కాదనే హక్కు ఆమెకు నిజంగా ఉండి, ఆలోచించుకుని అవునంటే అంతకంటే బాగుండేది లేదు.

స్లో బర్న్ (ప్రేమ నెమ్మదిగా రాజుకునే కథ) ట్యాగ్‌తో వెతికాను: ముద్దు ఆలస్యమవుతుంది, పరిచయం పెరగదు. ఇద్దరి దృక్కోణాల్లో సాగే నవలలు చూశాను: రెండు వైపులా ఒంటి వర్ణనలే. ఉచిత శాంపిల్ చదివితే అది సాధారణంగా మొదటి 10 శాతమే, ఇద్దరూ కలిసే సరికి అయిపోతుంది. రెండు, మూడు నక్షత్రాల రివ్యూలు కొంత నయం. కానీ అక్కడా ‘కెమిస్ట్రీ లేదు’ అని వదిలేస్తారు, ఎందుకో చెప్పరు.

ఈ జానర్ బాగా చదివేవాళ్లు చెప్పండి: పుస్తకం వివరణలో గానీ, శాంపిల్‌లో గానీ, రివ్యూల్లో గానీ ఏ గుర్తు చూసి ఆ జంట బలమైనదని మీరు నమ్ముతారు?