విలాప కీర్తనల్లో మొర పాటగా మారే చోటు: నమ్మికను, స్తుతిని ఎలా గుర్తుపట్టాలి?

ఒలీవకొమ్మ (ప్రశ్న)

కీర్తనల గ్రంథంలో నమ్మిక, స్తుతి ఎలా కలిసి నడుస్తాయో చూపే పాఠం సిద్ధం చేస్తున్నాను. 13, 22, 27, 56, 136 తీసుకున్నాను. తెలుగు బైబిల్లో 'నమ్మిక' ఉన్నచోట నీలం గీత, 'స్తుతి', 'కీర్తించు' ఉన్నచోట ఎర్రగీత పెడుతూ పోతే లెక్క కుదరడం లేదు. 13లో నాలుగు వచనాలు మొర, అయిదో వచనంలో సంతోషం. మధ్యలో ఏమైనట్టు? 27లో మాత్రం ధైర్యం ముందు, మొర తర్వాత. అసలు క్రమం ఏది? హీబ్రూ అక్షరాలు కూడబలుక్కుని చదవగలను, వ్యాకరణం అంతగా రాదు.

తాళపత్రం

ముందు గీతల సంగతి చూద్దామండీ. లెక్క తెలుగు మాటలమీద వేస్తున్నారు, తేడా అక్కడే వస్తోంది. హీబ్రూలో 'బాతహ్' అంటే ఒకరిమీద భారం వేసి నిబ్బరంగా ఉండటం. 'హాసా' అంటే వెళ్లి ఒకరి నీడన తలదాచుకోవడం. 56:3లో మూలంలో ఉన్నది బాతహ్. పాత తెలుగు అనువాదం అక్కడ 'ఆశ్రయించుచున్నాను' అంటుంది, ఆ పక్క వచనంలో అదే క్రియకు 'నమ్మిక' అంటుంది. మీ నీలం గీత ఒకచోట పడి ఒకచోట పడకపోవడానికి కారణం ఇదే. 118:8లో మాత్రం రెండు క్రియలూ ఒకే వాక్యంలో ఉన్నాయి: మనుషుల్ని బాతహ్ చేయడం కంటే యెహోవాలో హాసా మేలని. అక్కడ 'నమ్ముకొనుట', 'ఆశ్రయించుట' అని తెలుగు కూడా తేడాను నిలబెట్టింది.

స్తుతివైపు వెతకాల్సిన ధాతువులు ప్రధానంగా మూడు: హాలల్ (పొగడటం, హల్లెలూయాలో ఉన్నది ఇదే), యాదా (నలుగురిలో ఒప్పుకుని కృతజ్ఞత చెప్పడం), జామర్ (తంతివాద్యంతో పాడటం).

హీబ్రూ ప్రతి పక్కన పెట్టుకుంటే వచనాల అంకెలు సరిచూసుకోండి. అక్కడ శీర్షికను కూడా వచనంగా లెక్కిస్తారు. అందుకే తెలుగు 22:3 హీబ్రూలో 22:4 అవుతుంది. 52లో శీర్షికే రెండు వచనాలు, కాబట్టి తెలుగు 52:8 అక్కడ 52:10. 27, 136లో తేడా లేదు. 13 ఇంకా తికమక: మొదట ఒక అంకె జరుగుతుంది, చివర తెలుగు 5, 6 కలిసి హీబ్రూలో ఒకే ఆరో వచనం.

మూడో రంగు ఒకటి తీసుకుని 'హెసెద్' అన్న మాటకు పెట్టండి. తెలుగులో ఎక్కువగా 'కృప' అని వస్తుంది, కానీ ఇది మాట ఇచ్చినవాడు మాటమీద నిలబడే రకం దయ. నమ్మికకూ స్తుతికీ ముడి ఇక్కడుంది. 13:5లో హెసెద్ ఇంకా కంటికి కనబడలేదు, కాబట్టి బాతహ్. 136లో అదే హెసెద్ కళ్లారా చూసినది, కాబట్టి యాదా; 'ఆయన కృప నిరంతరముండును' అన్న పల్లవిలో హెసెద్ 26 సార్లు వస్తుంది. 33వ కీర్తన స్తుతితో మొదలై, 5, 18, 22 వచనాల్లో హెసెద్‌ను తలుచుకుంటూ 21లో బాతహ్ దగ్గరికి వస్తుంది.

సితారాతంతి

మధ్యలో ఏమైందన్న ప్రశ్నకు పేరున్న జవాబు ఒకటుంది. 1934లో యోయాకిం బెగ్రిఖ్ అనే జర్మన్ పండితుడు, మొరకూ పాటకూ నడుమ యాజకుడు 'భయపడకు' అని దేవుని తరపున పలికేవాడనీ, ఆ పలుకు కీర్తనలో రాయలేదనీ అన్నాడు. 12:5లో అలాంటి పలుకు నిజంగానే ఉంది. హన్నాకు యాజకుడు ఏలీ చెప్పిన మాట (1 సమూయేలు 1:17) కూడా ఆ కోవలోదే. కానీ దీన్ని ప్రతి కీర్తనకూ తగిలించలేం. 27లో గానీ, 40లో గానీ స్తుతి ముందే ఉంది, మొర వెనక వచ్చింది. అందుకే 'అసలు క్రమం' కోసం వెతకొద్దంటాను. సంబోధన, మొర, నమ్మిక, విన్నపం, స్తుతి మొక్కుబడి అనేవి భాగాలు. వాటిని కవి అవసరాన్ని బట్టి పేర్చుకుంటాడు.

మలుపుకు గుర్తు ఒక చిన్న మాట: 'వఅని', తెలుగులో 'నేనైతే'. 13:5, 52:8 రెండూ ఈ మాటతోనే మొదలవుతాయి. పాత అనువాదకులు ఆ 'అయితే'ను వదలకపోవడం మెచ్చుకోదగ్గది. అయితే ఇది ఉన్నచోటల్లా పాట వస్తుందని రాసేయకండి. 88:13లో కూడా వఅని ఉంది, ఆ తర్వాత మళ్లీ మొరే, చివరికి చీకటే.

22లో మలుపు ఇంకోరకం. రెండో వచనంలో 'నీవు జవాబివ్వడం లేదు' అంటాడు, 21వ వచనం ఆఖరి మాట 'జవాబిచ్చావు'. ధాతువు ఒకటే. ఆ మాట తర్వాతే సమాజం మధ్య హాలల్. నడుమ 4, 5 వచనాల్లో పితరుల గురించి బాతహ్ మూడుసార్లు. అదీ ఇశ్రాయేలు స్తోత్రాలమీద ఆసీనుడన్న మూడో వచనం వెనువెంటనే. అంటే పాత స్తుతి కొత్త నమ్మికకు ఆధారమైంది.

తాళపత్రం

22లోనే 25, 26 వచనాలు వదలకండి: మొక్కుబడి చెల్లిస్తాడు, దీనులు తిని తృప్తి పొందుతారు. యాదా నుంచి వచ్చిన 'తోదా' అంటే కృతజ్ఞతాస్తుతీ అవుతుంది, కృతజ్ఞతాబలీ అవుతుంది. లేవీయకాండం 7:12–15 ప్రకారం పులియని రొట్టెలు, నూనె పూసిన అప్పడాలు, పులిసిన రొట్టె కూడా తేవాలి. మాంసం ఆ రోజే తినాలి, తెల్లవారేదాకా మిగలకూడదు. ఒక్కడూ తినలేడు కదా, పదిమందిని పిలవాల్సిందే. ఈ బలి తెచ్చేవాడి స్తుతి ఆ పదిమంది ముందే వినబడుతుంది.

ఇంకో కోణం: స్తుతిని వాదనగా వాడటం. 30:9లో 'మన్ను నిన్ను స్తుతిస్తుందా?' అని అడుగుతాడు, యాదా అక్కడ. నేను పోతే నీకే నష్టం అన్నట్టు. 6:5, 88:10–11 కూడా ఇదే బాణీ. నమ్మిక లేనివాడు ఇంత చనువుగా వాదించడు.

ఒలీవకొమ్మ

చాలా ఉపయోగపడిందండీ. 136లో బాతహ్ అసలు లేదని ఇప్పుడే గమనించాను. దాన్ని తీసేయాలా? 13:5లో క్రియల కాలం కూడా చెప్పగలరా?

సితారాతంతి

తీసేయొద్దు, పక్కన 115, 118 పెట్టండి. 115:9–11లో ఇశ్రాయేలును, అహరోను వంశాన్ని, యెహోవాయందు భయభక్తులున్నవారిని వరసగా 'నమ్ముకోండి' అని పిలుస్తుంది. 118:2–4లో అదే మూడు గుంపులు, అదే వరస, కానీ ఈసారి పలకాల్సింది 136లోని పల్లవి. రెండూ పస్కాకు పాడే 113–118 హల్లేల్ వరసలోవే. తరగతిలో మూడు గుంపులు చేసి చదివించండి.

13:5లో బాతహ్ జరిగిపోయిన క్రియ: 'నమ్మాను'. తర్వాతది కోరిక: 'నా హృదయం సంతోషించనీ'. 'హర్షించుచున్నది' అనే తెలుగులో ఆ కోరిక కనబడదు. 6లో 'పాడతాను' అన్నది సంకల్పం, 'మేలు చేశాడు' మళ్లీ జరిగిపోయినది. కష్టం తీరిందని మాత్రం కీర్తన ఎక్కడా చెప్పలేదు.