దసరా సేల్‌ల వాషింగ్ మెషిన్, 25 వేలలోపు పాత ల్యాప్‌టాప్: అసలు తగ్గింపు ఎట్ల పట్టాలె?

సుబేదారి506:
అన్నలకు, అక్కలకు నమస్తే. బతుకమ్మ దగ్గర పడ్డది, ఫోన్ తెరిస్తే చాలు సేల్ బ్యానర్లే. ఇంటికి 7 కిలోల ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషిన్ కావాలె, 30 వేల లోపు. తమ్మునికి హసన్‌పర్తి దిక్కు కాలేజీల బీటెక్ సీటొచ్చింది, కోడింగ్‌కు ల్యాప్‌టాప్ కావాలె. 25 వేలు దాటొద్దు, పాతదైనా సరే. వెతుకుడు మజాగనే ఉంది గని, ఒకే మెషిన్‌కు ఒక యాప్‌ల 33 శాతం తగ్గింపు అంటడు, ఇంకొక దాంట్ల 41 అంటడు, ఆఖరికి చూస్తే రేటు దాదాపు ఒక్కటే. నిజంగ తగ్గించిండా, పెంచి తగ్గించిండా ఎట్ల తెలుస్తది? నో కాస్ట్ ఈఎంఐ మంచిదేనా? పాత ల్యాప్‌టాప్ కొనేముందు ఏమేం చూడాలె? డెలివరీ పిన్‌కోడ్ 506001.

లెక్కల మనిషి:
ముందు శాతం చూసుడు బంద్ చెయ్యి తమ్మీ. ఎమ్మార్పీ అంటే అంతకు మించి అమ్మొద్దనే గరిష్ఠ ధర, అంతే. 42,000 ఎమ్మార్పీ వేసి 27,990కి ఇస్తే 33 శాతం తగ్గినట్టు బోర్డు పడ్తది. అదే మెషిన్ మూడు నెలల నుంచి 28,500కి అమ్ముడుపోతుంటే నీకు తగ్గింది 510 రూపాయలు. ఈ మూడు నెలల ధర ఎట్ల తెల్వాలె అంటే, అమెజాన్‌కు కీపా గ్రాఫ్ ఉంది. ఫ్లిప్‌కార్ట్ సహా మిగతా వాటికి బయ్‌హ్యాట్‌కే అనే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ చూపిస్తది. గ్రాఫ్‌ల సేల్‌కు వారం, పది రోజుల ముందు గీత పైకి లేచి సేల్ రోజు మళ్ల పాత చోటికి దిగితే అది తగ్గింపు కాదు.

మోడల్ నంబర్ ఆఖరి అక్షరం దాకా కలవాలె. ఫొటో ఒక్కతీరు ఉండి, ఒక దాంట్ల ఇన్‌బిల్ట్ హీటర్ ఉంటది, ఇంకో దాంట్ల ఉండదు. కొన్ని మోడళ్లు ఆన్‌లైన్‌కే ప్రత్యేకంగ నంబర్ వేసి పంపుతరు, షాపు రేటుతోటి పోల్చే దారి లేకుండ. అట్లాంటప్పుడు పేరు వదిలేసి ఆర్‌పీఎం (డ్రమ్ము నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతదో), మోటార్ వారంటీ, కరెంటు ఆదా చెప్పే స్టార్ లేబుల్ పక్కపక్కన పెట్టి చూడు. లేబుల్ మీద అది ఏ కాలానికి చెల్లుతదో అచ్చేసి ఉంటది. పాత కాలం నాటి 5 స్టార్‌ను కొత్త 5 స్టార్‌తో సమానం అనుకోవద్దు.

ఇంకోటి, "జీఎస్టీ తగ్గింది కాబట్టి ఈ ధర" అని వాషింగ్ మెషిన్ మీద రాస్తే నవ్వి ఊకో. 2025 సెప్టెంబర్ 22 నాడు 28 శాతం నుంచి 18 శాతానికి దిగినవి ఏసీలు, 32 అంగుళాలు దాటిన టీవీలు, డిష్‌వాషర్ల లాంటివి. వాషింగ్ మెషిన్లు, ఫ్రిజ్‌లు 2018 జులై నుంచే 18ల ఉన్నయి. ల్యాప్‌టాప్, ఫోన్ కూడ 18లనే ఉన్నయి, వాటికి ఏం మారలేదు.

బ్యాంక్ ఆఫర్‌ల పెద్ద అక్షరాలు కాదు, గరిష్ఠం ఎంతో చూడాలె. 10 శాతం, గరిష్ఠంగ 1,500 అంటే 15,000 దాకా వస్తువు మీదనే నీకు నిజంగ 10 శాతం. 27,990 మీద అది అయిదున్నర శాతం కూడ కాదు. దోస్తు కార్డు మీద కొంటే నడుస్తది గని, రిటర్న్ అయితే పైసలు ఆ కార్డుకే పోతయి, ముందే మాట్లాడుకో. "క్యాష్‌బ్యాక్" అన్నది వెంటనే తగ్గేది కాదు, నెలల తర్వాత జమ అయ్యేది ఉంటది. "ఇన్‌స్టంట్ డిస్కౌంట్" అన్నదాన్నే లెక్కల వేసుకో.

నో కాస్ట్ ఈఎంఐ లెక్క: 30,000 వస్తువు, 6 నెలలు, బ్యాంకు వడ్డీ 16 శాతం అనుకుందాం. వడ్డీ దగ్గర దగ్గర 1,360 అయితది. దాన్ని అమ్మేటోడు ముందే ధరల తగ్గిస్తడు, అంతవరకు నిజమే. కని ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ 245 నీదే. ప్రాసెసింగ్ ఫీజు 199, దాని మీద జీఎస్టీ 36. మొత్తం 480 చేతి నుంచి పోతయి. ఈఎంఐకి బ్యాంకు ఆఫర్ ఇంకో వెయ్యి ఎక్కువిస్తే తీసుకో, లేకుంటే ఊకె ఎందుకు? వస్తువు వాపస్ చేస్తే ప్రాసెసింగ్ ఫీజు మామూలుగ తిరిగి రాదు.

పైసలు కట్టే ముందు కార్ట్ ఒకసారి పైనుంచి కిందికి చదువు. ప్రొటెక్షన్ ప్లాన్, విరాళం, ప్యాకేజింగ్ ఫీజు, క్యాష్ ఆన్ డెలివరీ ఫీజు అన్నీ అక్కడ్నే కూర్చుంటయి. అడగకుండ కార్ట్‌ల వస్తువు చేర్చుడు, "ఒక్కటే మిగిలింది" అని ఉత్తగనే తొందర పెట్టుడు, రెండూ 2023 నవంబర్ డార్క్ ప్యాటర్న్ (కొనేటోళ్లను మాయ చేసే యాప్ ఎత్తులు) మార్గదర్శకాల కింద తప్పే.

పార్క్‌లేన్ పాతకాపు:
ల్యాప్‌టాప్ సంగతి నేను చెప్తాను. 25 వేలలో కొత్తది వద్దు. ఆ ధరకు వచ్చేవి ఎక్కువగా సెలరాన్ లాంటి బలహీనమైన ప్రాసెసర్లు, మార్చలేకుండా బోర్డుకే అతికించేసిన ర్యామ్. రెండో సంవత్సరానికే తలనొప్పి. కంపెనీలు లీజు ముగిశాక వదిలించుకునే ఆఫీస్ ల్యాప్‌టాప్‌లు చూడండి: థింక్‌ప్యాడ్ టీ480, ల్యాటిట్యూడ్ 5490, ఎలైట్‌బుక్ 840 జీ5. ఈ మూడింటిలోనూ ర్యామ్ స్లాట్లు రెండేసి ఉంటాయి, తర్వాత పెంచుకోవచ్చు. 8 జీబీతో కొనేటప్పుడు అది ఒకే స్టిక్‌గా ఉంటే మంచిది, రెండో స్లాట్ ఖాళీగా మిగులుతుంది.

ఇంటెల్ అయితే 8వ తరం కంటే పాతది ముట్టుకోకండి. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబర్ 14న ఆగిపోయింది. విండోస్ 11 అధికారికంగా ఎక్కాలంటే 8వ తరం, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి. "7వ తరంలో కూడా 11 వేసి ఇస్తాం" అంటారు. వేస్తారు, నిజమే; పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడు అది ఎక్కకపోతే మీ పాట్లు మీవి. టీ480లోనే 7వ తరం ముక్కలూ ఉన్నాయి, అందుకే మోడల్ పేరుతో ఆగకుండా ప్రాసెసర్ నంబర్ చదవండి. ఐ5 తర్వాత నాలుగంకెల నంబర్ 8తో మొదలైతే 8వ తరం.

చేతికి వచ్చాక చూడాల్సిన వరుస ఇది. ముందు బయోస్, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల తెర. ఆన్ చేయగానే నొక్కాల్సిన కీ: డెల్‌లో ఎఫ్2, హెచ్‌పీలో ఎఫ్10, థింక్‌ప్యాడ్‌లో ఎఫ్1. పాస్‌వర్డ్ అడిగితే అక్కడికక్కడే వెనక్కి ఇచ్చేయండి. లోపల సీరియల్ నంబర్, అడుగున స్టిక్కర్ మీద నంబర్ ఒకటేనా చూడండి. వేరైతే బోర్డో, అడుగు భాగమో మార్చి ఉంటారు. ఆ నంబర్‌ను కంపెనీ సపోర్ట్ సైట్‌లో కొడితే ఏ సంవత్సరంలో, ఏ ప్రాసెసర్‌తో అమ్మారో వస్తుంది. బయోస్‌లోనే కంప్యూట్రేస్ లేదా ఆబ్సొల్యూట్ (పోయిన ల్యాప్‌టాప్‌ను దూరం నుంచే కనిపెట్టి లాక్ చేసే ఏర్పాటు) అనేది "యాక్టివేటెడ్" అని ఉంటే అది ఇంకా ఎవరిదో కంపెనీ అదుపులో ఉండొచ్చు.

చాలామంది వదిలేసే పరీక్ష ఒకటుంది. విండోస్‌ను పూర్తిగా రీసెట్ చేసి, మొదటి సెటప్‌లో తప్పనిసరిగా వైఫై కలపండి. నెట్ లేకుండా చూపిస్తే అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. నెట్ తగిలిన వెంటనే ఏదో సంస్థ పేరు వచ్చి ఆఫీసు మెయిల్ ఐడీ అడిగిందంటే, ఆ ల్యాప్‌టాప్ వాళ్ల జాబితాలోంచి తీసేయలేదు. ఈరోజు ఎలాగో దాటించినా, ఇంకోసారి రీసెట్ చేస్తే మళ్లీ అక్కడే ఆగుతుంది.

బ్యాటరీకి కమాండ్ ప్రాంప్ట్‌లో "పవర్‌సీఎఫ్‌జీ /బ్యాటరీరిపోర్ట్" అని ఇంగ్లిష్‌లో కొట్టండి, ఒక ఫైల్ తయారవుతుంది. డిజైన్ కెపాసిటీ 45,000, ఫుల్ చార్జ్ కెపాసిటీ 27,000 అని ఉంటే 60 శాతమే మిగిలింది, బ్యాటరీ ఖర్చు బేరంలో తగ్గించమనండి. టీ480లో బ్యాటరీలు రెండు, లోపల ఒకటి, బయట ఒకటి, రెండూ చూడాలి. ఎస్‌ఎస్‌డీకి (ఫైళ్లు దాచే డ్రైవ్) క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్ నడిపితే ఆరోగ్యం శాతంలో చూపిస్తుంది.

డెల్‌కు నకిలీ అడాప్టర్ ఇచ్చి ఉంటే ఆన్ చేయగానే అడాప్టర్ గుర్తించలేదని మెసేజ్ వస్తుంది. ఎంటర్ కొట్టి దాటించకండి. బ్యాటరీ చార్జ్ ఎక్కదు, ప్రాసెసర్ నెమ్మదిస్తుంది, "ల్యాప్‌టాప్ స్లో" అని దాని మీద నింద పడుతుంది. తప్పు అడాప్టర్‌ది. తెల్ల బొమ్మ తెర నిండా పెట్టి మచ్చలు, నల్ల బొమ్మ పెట్టి అంచుల వెలుతురు చూడండి. పావుగంట పెద్ద వీడియో నడిపి దానంతటది ఆగిపోతుందేమో గమనించండి.

కాజీపేట జంక్షన్:
అన్నీ మంచిగనే చెప్పిండ్రు గని, వాషింగ్ మెషిన్‌కు ఒక్కసారి జేపీఎన్ రోడ్డు, హన్మకొండ చౌరస్తా షాపులు తిరుగుండ్రి. ఫోన్‌ల ధర చూపెట్టి "గీ మోడల్ గింతకు ఇస్తవా" అని అడుగుడే. డబ్బా విప్పి చూపిస్తడు, పాడైతే మొకం ఎరికున్నోడు ఉంటడు. ఐదారు వందల ఫరక్ అయితే షాపుకే నా ఓటు. ల్యాప్‌టాప్‌కు అయితే కంప్యూటర్ షాపులుండే సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉండనే ఉంది, పొద్దుగాల రైలెక్కితే మాపటికి ఇంటికస్తరు. యాప్‌ల ధర తెల్సుకొని పోతె బేరం మస్తు నడుస్తది.

సుబేదారి506:
అన్నా, మస్తు సంతోషం. ఇంకొక్క ముచ్చట. ఓఎల్‌ఎక్స్‌ల 14 వేలకు ఐ7 ల్యాప్‌టాప్ ఉంది, ఐ7-4600యూ అని రాసిండు. అమ్మేటాయన ఆర్మీల పని చేస్తడట, బదిలీ అయిందట, వెయ్యి రూపాయలు టోకెన్ పంపితే ట్రాన్స్‌పోర్ట్‌ల వేస్త అంటున్నడు. తీసుకోవాల్నా?

మిర్చియార్డ్ అక్క:
వద్దు తమ్మీ, నంబర్ బ్లాక్ చెయ్యి. మిలిటరీ గుర్తింపు కార్డు ఫొటో, బదిలీ కథ, ముందు చిన్న టోకెన్, తర్వాత "ట్రాన్స్‌పోర్ట్ చార్జీ, వాపస్ వచ్చేదే" అని ఇంకింత. ఇది మస్తు పాత ఆట. పాత వస్తువుకు చూడకుండ ఒక్క రూపాయి పంపొద్దు. నువ్వు అమ్మేటప్పుడు కూడ ఇదే జాగ్రత్త: నీకు పైసలు రావాలంటే క్యూఆర్ స్కాన్ చేసుడు, యూపీఐ పిన్ కొట్టుడు అక్కర లేదు. పిన్ కొట్టినవంటే పైసలు నీ ఖాతాల నుంచే పోతయి.

ఇచ్చుడు పుచ్చుకొనుడు పగటి పూట, నలుగురు తిరిగే కాడ, వైఫై, కరెంట్ ప్లగ్ ఉన్న చోట పెట్టుకో. పైన అన్న చెప్పిన పరీక్షలకు గంట, గంటన్నర పడ్తది; అమ్మేటోడు తొందరపడితే లేచి రా. అసలు బిల్లు కాపీ తీసుకో, లేకుంటే సీరియల్ నంబర్ రాసి సంతకం చేయించుకో. పాత ఫోన్ కొంటే *#06# కొట్టి ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు నంబర్) తీసుకొని సంచార్ సాథీ అనే సర్కారు సైట్‌ల చూడు. బ్లాక్ అయిందా, డూప్లికేట్‌దా అక్కడ తెలుస్తది.

పార్సెల్ రాకుంటే కస్టమర్ కేర్ నంబర్ నెట్‌ల వెతకొద్దు, యాప్ లోపలి హెల్ప్‌ల నుంచే పో. వెతికితే ముందు వచ్చేవి దొంగ నంబర్లే ఉంటయి, స్క్రీన్ షేర్ యాప్ వేసుకొమ్మంటరు. పైసలు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి. పైసలు ఇంకో ఖాతాలకు మారకముందే ఆపాలె, తెల్లారి చూద్దాం అంటే కష్టం.

పార్క్‌లేన్ పాతకాపు:
ఐ7 అని ఆశపడకండి. 4600యూ 4వ తరం, రెండు కోర్లు. 8వ తరం ఐ5-8350యూకి నాలుగు. విండోస్ 11 జాబితాలో అది లేనే లేదు. నిజంగానే అమ్మే మనిషైనా 14 వేలకు ఆ ల్యాప్‌టాప్ ఖరీదే.

డ్రమ్ము డాక్టర్:
మెషిన్ ఆర్డర్ పెట్టే ముందు ఇంట్లో రెండు చూసుకోండి. ఇన్‌బిల్ట్ హీటర్ ఉన్న ఫ్రంట్ లోడ్‌కు 16 ఆంపియర్ల సాకెట్ కావాలి, ఎక్స్‌టెన్షన్ బాక్స్ పనికిరాదు. రెండోది నీళ్ల ప్రెషర్. ట్యాంకు మీ తలమీదే ఉంటే, అంటే మీ ఇల్లు చివరి అంతస్తులో ఉంటే, చాలకపోవచ్చు. ట్యాంకుకు, నల్లాకు మధ్య పది మీటర్ల ఎత్తుంటే ఒక బార్. చాలా మెషిన్లకు కనీసం 0.3 నుంచి 0.5 బార్ కావాలి, అంటే మూడు నుంచి ఐదు మీటర్లు. తక్కువైతే నీళ్లు నిండక ఎర్రర్ కోడ్ ఇచ్చి ఆగుతుంది, అందరూ మెషిన్ పాడైందంటారు. ప్రెషర్ పంప్ ఖర్చు కూడా మీ బడ్జెట్‌లో వేసుకోండి. బోరు నీళ్లయితే హీటర్‌కు సున్నం పడుతుంది, డీస్కేలింగ్ పొడి వాడాలి.

డెలివరీ రోజు: ఓపెన్ బాక్స్ డెలివరీ అయితే విప్పించి, చొట్టలు చూసి, ఆ తర్వాతే ఓటీపీ చెప్పండి. అది లేకపోతే డబ్బా నాలుగు పక్కలా ఫొటోలు, అడ్రస్ లేబుల్ నుంచి మొదలుపెట్టి ఆపకుండా ఒకే వీడియో. మధ్యలో కట్ చేసిన వీడియోను ఒప్పుకోరు. ఇన్‌స్టలేషన్ కోసం వారంటీ కార్డు మీది కంపెనీ నంబర్‌కే ఫోన్ చేయండి.

వెనకాల ట్రాన్సిట్ బోల్టులుంటాయి, మామూలుగా నాలుగు. అవి తీయకుండా తిప్పితే మెషిన్ గది అంతా నడుస్తుంది, లోపల డ్రమ్ సస్పెన్షన్ దెబ్బతింటుంది. తీశాక పారేయకండి, ఇల్లు మారినప్పుడు మళ్లీ బిగించాలి. టెక్నీషియన్ చక్రాల స్టాండ్ అంటగట్టబోతే వద్దనండి. ఫ్రంట్ లోడ్ గట్టి నేల మీద, నాలుగు కాళ్లూ లెవెల్‌గా ఉండాలి.

పేజీలో "7 రోజుల రిటర్న్" అని ఉందా, "7 రోజుల రీప్లేస్‌మెంట్" అని ఉందా చదివారా? రెండోదైతే పైసలు వాపస్ అంత తేలిగ్గా రావు. ముందు కంపెనీ టెక్నీషియన్ వచ్చి లోపం ఉందని రాసివ్వాలి, అదీ గడువులోపే. సేల్ రోజుల్లో టెక్నీషియన్ రావడానికే నాలుగైదు రోజులు పడుతుంది, అందుకే డెలివరీ అయిన గంటలోపే బుక్ చేసి రిక్వెస్ట్ నంబర్ దాచుకోండి. యాప్‌వాళ్లు నానుస్తుంటే వాళ్ల గ్రీవెన్స్ ఆఫీసర్‌కు (ఫిర్యాదులు చూసే అధికారి) రాయండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలో తేల్చాలి. అప్పటికీ కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. వినియోగదారుల కమిషన్‌కు పోవాలన్నా మీరుండే జిల్లాలోనే వేయొచ్చు, అమ్మినవాడి ఊరికి పోనక్కర్లేదు. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు కూడా లేదు.